ఆ డైనోసార్ మా గోదారి ఒడ్డుదే! బాపుతో చూసొచ్చిన మ్యూజియాలు

మ్యూజియం అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే ఏడో క్లాసు స్కూల్ టూరు. గోదావరిఖని నుంచి రాత్రంతా బస్సు ప్రయాణం, పొద్దున్నే సాలార్‌జంగ్, ‘లైను తప్పొద్దు, ఏదీ ముట్టుకోవద్దు’ అంటూ సార్ల కేకలు, గడియారం ముందు తోపులాట, ఆ తర్వాత జూపార్కు. ఇంటికొచ్చాక ‘ఏం చూసినవ్ రా’ అని అమ్మ అడిగితే నేను చెప్పింది మాత్రం జూలో పులి గురించే!

తర్వాత ఇంజినీరింగ్, క్యాంపస్ సెలక్షన్, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీకెండ్ వస్తే మాల్, సినిమా, బిర్యానీ. మెట్రో ఎక్కితే వెళ్ళగలిగేంత దూరంలో మ్యూజియాలున్నా ఎప్పుడూ వెళ్ళాలనిపించలేదు. అది టూరిస్టుల పని, స్కూలు పిల్లల పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు నాకు 28 ఏళ్ళు. ఈ రెండేళ్ళలో ఏడెనిమిది ఊళ్ళలో మ్యూజియాలు, ఆర్ట్ గ్యాలరీలు చూశాను. టికెట్లు బుక్ చేసింది నేనే కానీ, చూడటం నేర్పింది మాత్రం మా బాపు.

బొక్కలు మనోళ్ళ దిక్కువే!

బాపు సింగరేణిలో 34 ఏళ్ళు పనిచేశాడు. బదిలీ ఫిల్లర్‌గా చేరి టింబర్‌మన్‌గా రిటైరయ్యాడు. టింబర్‌మన్ అంటే బాయిలో కప్పు కూలకుండా ప్రాపులు నిలబెట్టే మనిషి. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి అమ్మా, బాపూ మియాపూర్‌లో నా ఫ్లాట్‌కి వచ్చేశారు. అమ్మకు నెల తిరక్కుండానే అపార్ట్‌మెంట్ అంతా దోస్తులే. బాపు మాత్రం మాట తగ్గించేశాడు. ఫస్ట్ షిఫ్టుకి పోవాలన్నట్టు తెల్లారి నాలుగింటికే లేచి బాల్కనీలో కూర్చునేవాడు. ‘బాయిలో ఎట్లుండేది బాపూ’ అని అడిగితే ఒకటే జవాబు: ‘ఏముంటదిరా, బాయి పని.’

ఒక ఆదివారం అక్క కూతురిని ప్లానెటోరియంకి తీసుకెళ్తూ బాపుని కూడా లాక్కెళ్ళాను. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం, దాని పక్కనే సైన్స్ మ్యూజియం ఉన్నాయి కదా. ఆ మ్యూజియంలో ఓ పెద్ద డైనోసార్ అస్థిపంజరం ఉంది. పిల్ల దాన్ని చూసి కేరింతలు కొడుతోంది. నేను ఫొటోలు తీస్తున్నా. బాపు మాత్రం కళ్ళద్దాలు పైకి తోసుకుని బోర్డు చదువుతున్నాడు.

‘అగో! గిది మనోళ్ళ దిక్కుదే గదరా. గీ బొక్కలు మన గోదారి అవతలియే!’

నిజమే. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ‘యామన్‌పల్లి’ అంటే అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన యాదగిరి ఆ ఎముకల మీద పరిశోధన చేసి 1988లో దానికి ఆ పేరు పెట్టారు. ‘కోటా’ అనేది సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డునున్న ఊరు. ఈ ఎముకలు దొరికిన రాతిపొరలకు ఆ ఊరి పేరే వచ్చింది. మనం చూసే ఆ అస్థిపంజరం ఒక్క జంతువుది కూడా కాదు, చాలా జంతువుల ఎముకలు దొరికితే జతచేసి నిలబెట్టారు.

నేను ఇంజినీరింగ్ చదివాను, జురాసిక్ పార్క్ సినిమాలన్నీ చూశాను. మా ఊరి నదికి అవతల డైనోసార్లు తిరిగాయని మాత్రం నాకు తెలియదు! బాపు ఆ రోజు ఇంటికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. బాయిలో బొగ్గు తీశాక పైకప్పు రాయిలో ఆకుల అచ్చులు కనిపించేవట. ఈనెలతో సహా, ఇప్పుడే ఎవరో ఒత్తినట్టు. ‘అందరం చూసెటోళ్ళం. అదేందో ఎవలకు తెల్వది. మల్ల పని ల పడెటోళ్ళం’ అన్నాడు.

ఇంట్లో గూగుల్ చేసి చూపించాను. మన బొగ్గుపొరలతో పాటు ఎక్కువగా దొరికే ఆ ఆకుల్లో ముఖ్యమైనది గ్లాసోప్టెరిస్ అనే చెట్టుది. పాతికకోట్ల ఏళ్ళకు పైమాటే, అంటే డైనోసార్ల కంటే ముందు కాలం. ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ ఒకే ముద్దగా ఉన్నప్పుడు పెరిగిన చెట్టు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం, చివరిదాకా వదలకుండా మోసుకొచ్చిన రాళ్ళలోనూ ఈ ఆకు అచ్చులే ఉన్నాయి. ‘అంటే ఆడ గూడ గీ ఆకే?’ అని బాపు రెండుసార్లు అడిగాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక అలవాటు మొదలైంది. లాంగ్ వీకెండ్ దొరికితే ఒక ఊరు, ఒకటో రెండో మ్యూజియాలు.

కోల్‌కతా: బాపు గైడ్ అయిన రోజు

మొదటి ట్రిప్ కోల్‌కతా. ఎందుకంటే మన గోదావరి లోయ నుంచి బయటపడిన ఇంకో పెద్ద డైనోసార్ అక్కడే ఉంది. బరానగర్‌లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, లెక్కల వాళ్ళ సంస్థ. అక్కడ జియాలజీ మ్యూజియంలో నిలబెట్టిన బరపాసారస్ టాగోరై. సిరొంచ దగ్గర పోచంపల్లి ప్రాంతంలో 1960 ప్రాంతంలో తవ్వితీశారు. బెంగాలీలో ‘బరో పా’ అంటే పెద్ద కాలు. అప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి నడుస్తోంది కాబట్టి ఆయన పేరు కలిపారు. సుమారు 300 ఎముకలు దొరికాయి, తల మాత్రం దొరకలేదు. అది చదువుకునే క్యాంపస్ కాబట్టి, ముందుగా ఫోన్ చేసి ఎప్పుడు చూడనిస్తారో కనుక్కుని వెళ్ళండి.

పాత ఇండియన్ మ్యూజియం ఎలాగూ చూడాల్సిందే. 1814లో మొదలైంది, దేశంలో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే పెద్దది. అక్కడివాళ్ళు ‘జాదూఘర్’ అంటారు. భార్హుత్ స్తూపం రాతి కంచె, ఈజిప్టు మమ్మీ, హాలు నిండా రాళ్ళు, శిలాజాలు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టిన విలియం కింగ్ పనిచేసింది జియలాజికల్ సర్వేలోనే. ఆ సర్వే ఆఫీసు ఉన్న ఊరూ ఇదే. అంటే సింగరేణి కథకి కోల్‌కతాలో ఒక చివర ఉందన్నమాట.

కానీ మేం మర్చిపోలేని చోటు వేరే. గురుసదయ్ రోడ్డులో బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియం. 1959లో తెరిచారు. అందులో భూగర్భ బొగ్గుగనిని అచ్చం నిజంగా ఉన్నట్టే కట్టారు. చీకటి, కప్పు, బొగ్గు గోడ, యంత్రాలు. లోపలికి అడుగుపెట్టగానే బాపు చేసిన మొదటి పనేంటో తెలుసా? ఆగి, తలెత్తి కప్పు చూశాడు. అదొక బొమ్మ గని అని తెలుసు. అయినా చూశాడు. 34 ఏళ్ళ అలవాటు.

వెనకే వచ్చిన ఒక స్కూలు పిల్లల గుంపు ఆయన్ని చూసి ఆగింది. ‘అంకుల్, ఆప్ క్యా దేఖ్ రహే హై?’ అని ఒక పిల్ల అడిగింది. కోల్‌బెల్టులో అన్ని రాష్ట్రాల వాళ్ళూ ఉంటారు కాబట్టి బాపుకి హిందీ బాగానే వచ్చు. కప్పుని ఇనుపకడ్డీతో కొట్టి చూస్తే గట్టిగా ఉన్న రాయి ఖంగుమంటుందని, లోపల వదులైన రాయి డొల్లగా మోగుతుందని చెప్పాడు. కట్టె ప్రాపు విరిగే ముందు చిటపటమని సప్పుడు చేసి హెచ్చరిస్తుందని, ఆ సప్పుడు వినే తను రెండుసార్లు బయటికి ఉరికానని చెప్పాడు. పిల్లలు, వాళ్ళ టీచర్లు, చివరికి అక్కడి సెక్యూరిటీ ఆయన కూడా నోరు తెరుచుకుని వింటున్నారు.

నేను కూడా విన్నాను. మొదటిసారి. ఆ ‘రెండుసార్లు’ సంగతి నాకూ తెలియదు, అమ్మకూ తెలియదు. బయటికొచ్చాక ‘ఇంట్ల ఎన్నడు చెప్పలేదేం బాపూ’ అంటే, ‘చెప్తే మీ అమ్మ మల్ల పంపిస్తదారా డ్యూటీకి’ అన్నాడు.

వైజాగ్: సముద్రం కింద కూడా సింగరేణే!

విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ చూడనివాళ్ళు ఉంటే ఈ వీకెండే టికెట్ బుక్ చేసుకోండి. 1969లో మన నేవీలో చేరి 2001లో రిటైరైన నిజమైన జలాంతర్గామి ఇది. దాన్ని ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేశారు. పొడవు 90 మీటర్లు దాటుతుంది కానీ లోపల ఇద్దరు పక్కపక్కన నడవలేరు. గుండ్రటి తలుపుల్లోంచి కాళ్ళు ముందు పెట్టి దూరాలి. నేను రెండుచోట్ల తల కొట్టుకున్నా. బాపు ఒక్కచోట కూడా కొట్టుకోలేదు!

లోపల వివరించేది రిటైరైన నేవీ వాళ్ళే. ఆ పెద్దాయనా, మా బాపూ కలిసి పావుగంట మాట్లాడుకున్నారు. గాలి ఎట్లా పంపేవాళ్ళు, నిద్ర ఎక్కడ, బయట ఎండ ఉందో వాన ఉందో తెలియకుండా ఎట్లా గడిపారు... ఇద్దరి ప్రశ్నలూ ఒకటే. బయటికొచ్చి సముద్రం చూస్తూ బాపు అన్నాడు: ‘ఆయన పని ఆయన్నే చెప్పనిచ్చిండ్రు. గది మంచిగున్నది.’ నాకు ఆ మాట చాలా రోజులు తిరిగింది బుర్రలో.

హైదరాబాద్: గడియారం దాటి ముందుకెళ్ళండి

సాలార్‌జంగ్‌కి మళ్ళీ వెళ్ళాను, ఈసారి సార్ల కేకలు లేకుండా. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, ఆయన పెద్దల కలెక్షన్ ఇది. 1951లో నెహ్రూ ప్రారంభించారు, 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి బిల్డింగ్‌కి మారింది. గంట కొట్టే బొమ్మ కోసం అందరూ గడియారం ముందే కూర్చుంటారు. ఆ టైంలో మిగతా గదులు ఖాళీగా ఉంటాయి, అదే మీకు ఛాన్స్! ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘వీల్డ్ రెబెకా’ దగ్గర కాసేపు ఆగండి. పాలరాయితో పల్చటి మేలిముసుగు ఎలా చెక్కాడో ఎంత చూసినా అర్థం కాదు. ఒకవైపు మెఫిస్టోఫిలిస్, రెండోవైపు మార్గరెటా ఉన్న కట్టె బొమ్మనైతే బాపు చుట్టూ తిరిగి చూశాడు. కట్టె పని తెలిసినవాడు కదా, ‘ఒక్కటే మొద్దు’ అని తేల్చాడు.

పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియంకి వెళ్తే అక్కడా ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. చాలామంది హైదరాబాదీలకే తెలియదు. మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఐటీ ఆఫీసులకు ఎంత దగ్గరంటే, లంచ్ బ్రేక్‌లో ఒక ఎగ్జిబిషన్ చూసి రావచ్చు.

ఆర్ట్ గ్యాలరీ అంటే చాలామందికి ఒక జంకు. ‘మనకేం అర్థమవుతుంది’ అని. ఒక ప్రైవేటు గ్యాలరీకి బాపుని తీసుకెళ్తే అద్దాల తలుపు బయటే చెప్పులు విప్పాడు, గుడికి వెళ్ళినట్టు. నేనూ విప్పాను, ఏం చేస్తాం మరి! లోపల తోట వైకుంఠం గారి బొమ్మ ఒకటి ఉంది. ముదురు రంగు చీర, నుదుట పెద్ద బొట్టు, నల్లటి నిండు మొహం. వైకుంఠం గారిది పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి. అంటే మా జిల్లాయే. బాపు చాలాసేపు చూసి, ‘మా అవ్వ గిట్లనే ఉండేది’ అన్నాడు. నాయనమ్మని నేను చూడలేదు. ఆమె ఫొటో కూడా మా దగ్గర లేదు. ఆర్ట్ అర్థం కావడమంటే ఇంతకంటే ఏముంటుంది చెప్పండి?

చెన్నై, బెంగళూరు: పక్క రాష్ట్రాల్లో మనవి

చెన్నై ఎగ్మోర్‌లో గవర్నమెంట్ మ్యూజియం 1851 నాటిది. అక్కడి నటరాజ కంచు విగ్రహాలు ప్రపంచ ప్రసిద్ధి. తెలుగువాళ్ళు మాత్రం ముందుగా అమరావతి గ్యాలరీకి వెళ్ళాలి. కృష్ణా ఒడ్డున అమరావతి స్తూపం మీద ఉండాల్సిన శిల్పాలు కొన్ని ఇక్కడ, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇది చూశాక ‘మనది మనకెందుకు లేదు’ అని కోపం రావడం సహజం. ఇంకో సంగతి కూడా తోచింది. మన దగ్గర ఉన్నప్పుడు వాటిని రాళ్ళు అనుకుని ఇళ్ళ గోడలకీ, సున్నం బట్టీలకీ వాడేసిన రోజులూ ఉన్నాయి. విలువ తెలిసేలోపే సగం పోయింది.

బెంగళూరులో జాబ్ చేసేవాళ్ళకి కస్తూర్బా రోడ్డు ఒక్కటి చాలు. 1962లో మొదలైన విశ్వేశ్వరయ్య ఇండస్ట్రియల్ మ్యూజియం, పాత గవర్నమెంట్ మ్యూజియం, వెంకటప్ప ఆర్ట్ గ్యాలరీ, 2023లో తెరిచిన మ్యాప్ అనే ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ మ్యూజియం అన్నీ నడిచే దూరంలోనే. ట్రాఫిక్‌లో ఇరుక్కునే ఒక శనివారాన్ని ఇక్కడ పెట్టండి.

ఢిల్లీ: అరచేతిలో పట్టే అమ్మాయి

టెక్స్ట్‌బుక్‌లో చూసిన మొహంజొదారో ‘డాన్సింగ్ గర్ల్’ ఎంత ఉంటుందని మీ అంచనా? నేను కనీసం రెండడుగులనుకున్నా. నేషనల్ మ్యూజియంలో చూస్తే 10 సెంటీమీటర్లకు కాస్త పైన, అంతే. నా ఫోన్ కంటే చిన్నది! అయినా నడుం మీద చెయ్యి పెట్టి ఆమె నిలబడ్డ తీరు చూస్తే ఎవరికీ భయపడేలా లేదు. స్క్రీన్ మీద అన్నీ ఒకే సైజు. అసలు వస్తువు ముందు నిలబడితేనే దాని కొలత తెలుస్తుంది.

జైపూర్ హౌస్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1954లో మొదలైంది. అమృతా షేర్‌గిల్ బొమ్మల కోసమైనా వెళ్ళాలి. ఆమె 1941లో చనిపోయేనాటికి వయసు 28. నా వయసే. ఆ హాల్లో నిలబడి నా గిట్‌హబ్ ప్రొఫైల్ గుర్తొచ్చి సిగ్గేసింది.

అమృత్‌సర్, పుణె: మామూలు సామానే మ్యూజియం

ఢిల్లీ నుంచి అమృత్‌సర్ వెళ్ళాం. స్వర్ణదేవాలయానికి నడిచే దూరంలో, పాత టౌన్‌హాల్‌లో పార్టిషన్ మ్యూజియం 2017లో తెరిచారు. రాజుల కిరీటాలు, కత్తులు ఏమీ లేవు. దేశ విభజనప్పుడు ఇళ్ళు వదిలి వచ్చిన మామూలు కుటుంబాలు ఇచ్చిన సామాను: పెట్టెలు, బట్టలు, ఉత్తరాలు, గిన్నెలు. ఎవరి ఇంట్లోనో అటక మీద పడి ఉండాల్సినవి. పక్కనే ఆ మనుషులు తమ మాటల్లో చెప్పిన కథలు వీడియోల్లో నడుస్తుంటాయి. అమ్మ అక్కడ ఏడ్చేసింది.

పుణెలో రాజా దినకర్ కేల్కర్ మ్యూజియం ఇంకో వింత. చిన్న వయసులో చనిపోయిన కొడుకు రాజా జ్ఞాపకంగా, దినకర్ కేల్కర్ అనే ఆయన ఊరూరా తిరిగి పోగుచేసిన వస్తువులవి. మొత్తం 20 వేలకు పైనే. దీపాలు, తాళాలు, దువ్వెనలు, అడకత్తెరలు, వంటపాత్రలు. ఒక అడకత్తెరల అల్మారా ముందు బాపు ఆగిపోయాడు. ‘గిసొంటియి మన ఇంట్ల గూడ ఉండె’ అన్నాడు. కాసేపాగి, ‘నా గొడ్డలి అమ్మకపోతే బాగుండెరా’ అన్నాడు.

అసలు సంగతి ఇక్కడ చెప్పాలి. క్వార్టర్ ఖాళీ చేసిన రోజు పాత సామాను కొనేవాడిని పిలిచింది నేనే. ఫ్లాట్‌లో జాగా ఎక్కడుంది మరి! బాపు పాత హెల్మెట్, గమ్‌బూట్లు, జీతం చిట్టీల కట్టలు, పిడి తనే చెక్కుకున్న గొడ్డలి అన్నీ తూకానికి వేసేశాం. ఇనుము ఒక రేటు, కాగితం ఒక రేటు. ప్లాస్టిక్ హెల్మెట్‌కి ఏమీ ఇవ్వనన్నాడు, ఊరికే తీసుకుపోయాడు. అమ్మ సద్ది గిన్నె ఒక్కటి మాత్రం చేతిలోంచి లాక్కుంది, అందుకే అది మిగిలింది. అప్పుడు బాపు ఒక్క మాట అనలేదు. అమరావతి రాళ్ళ గురించి చెన్నైలో కోప్పడ్డ నేనే, మా ఇంట్లో చేసిన పని ఇది.

బొగ్గుబాయే మ్యూజియం అయితే?

బ్రిటన్‌లోని వేల్స్‌లో బిగ్ పిట్ అనే బొగ్గుబాయి 1980లో మూతపడింది. మూడేళ్ళకే, 1983లో, దాన్నే మ్యూజియంగా తెరిచారు. చూడటానికొచ్చినవాళ్ళకి హెల్మెట్, క్యాప్ ల్యాంప్ ఇచ్చి సుమారు 90 మీటర్లు కిందికి దింపుతారు. ఫోన్లు, వాచీలు పైనే పెట్టేయాలి, నిజం బాయి రూల్సే. గైడ్లుగా పెట్టింది గనుల్లో పనిచేసినవాళ్ళని. జర్మనీలో ఎసెన్ దగ్గర జోల్‌వెరైన్ బొగ్గుగని 1986లో ఆగింది, 2001లో యునెస్కో వారసత్వ స్థలమైంది. బొగ్గు కడిగే ప్లాంటే ఇప్పుడు మ్యూజియం. ఈ రెండింటినీ యూట్యూబ్‌లో టీవీకి కనెక్ట్ చేసి బాపుకి చూపించాను. పూర్తిగా చూసి, ‘మన బాయిలు మూస్తే మట్టి గొడ్తరు’ అన్నాడు.

మన దగ్గర ప్రయత్నాలు అసలే లేవని కాదు. ఆర్టీసీ, సింగరేణి కలిసి గనులు చూపించే టూర్ బస్సు నడిపినప్పుడు మా ఊరి గ్రూపుల్లో పెద్ద చర్చే నడిచింది. సింగరేణి కంపెనీ 1920 నాటిది, తవ్వకాలు అంతకు ముందే 1889లో మొదలయ్యాయి. ఇంత కథ ఉన్న చోట చూపించడానికి సరుకు తక్కువేం కాదు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన తరం వాళ్ళు ఇంకా కొందరు మన మధ్యనే ఉన్నారు. వాళ్ళ తర్వాత మెషిన్లు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. ఆ చేతిపని ఎట్లా ఉండేదో చెప్పేవాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు. మ్యూజియం బిల్డింగ్ పదేళ్ళ తర్వాతైనా కట్టొచ్చు. అందులో పెట్టాల్సిన మాటలూ, సామానూ అప్పటిదాకా ఆగవు.

అందుకే మొన్న దసరాకి ఖని వెళ్ళినప్పుడు ఒక పని చేశాం. బాపు, నేను కలిసి ఆయన పాత దోస్తుల ఇళ్ళకి తిరిగాం. గాంధీనగర్‌లో ఇద్దరు, ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో ముగ్గురు. చాయ్ తాగుతూ ఒక్కొక్కరి మాటలు ఫోన్‌లో రికార్డ్ చేశాను. ప్రశ్నలు అడిగింది బాపే, నాకు అడగడం ఏం తెలుసు! ఒక కాక ఇంట్లో మంచం కింద గొడ్డలి కనిపించింది, బాపుది లాంటిదే. ‘ఎంతకు అమ్ముతవ్’ అని బాపు నవ్వుతూ అడిగితే, ‘నీ లెక్క నేను గూడ అమ్ముకోవాల్నా’ అన్నాడాయన. బాపు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఇప్పటికి 11 రికార్డింగులు అయ్యాయి. మొత్తం కలిపి ఆరు గంటలకు పైన. పేరు, ఏ బాయి, ఏ ఏడాది చేరారు, ఏం పని, అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాస్తున్నా. సద్ది గిన్నె మా హాల్లో టీవీ పక్కన పెట్టాం. కింద చిన్న కాగితం మీద అక్క కూతురు రాసింది: ‘తాత బాయికి తీసుకుపోయిన గిన్నె. చొట్ట పడింది. ముట్టుకోవచ్చు.’

మీరు వెళ్తుంటే ఇవి గుర్తుంచుకోండి

• సెలవు రోజు చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ మ్యూజియాలు చాలావరకు సోమవారం మూసేస్తారు, సాలార్‌జంగ్‌కి మాత్రం శుక్రవారం సెలవు. టైమింగ్స్, టికెట్ రేట్లు వెళ్ళే ముందు వెబ్‌సైట్‌లో చెక్ చేసుకోండి.

• అన్నీ చూసేయాలనుకోకండి. రెండు గంటలు, పది వస్తువులు చాలు. కాళ్ళు నొప్పి పుట్టాక చూసింది బుర్రలోకి ఎక్కదు.

• బోర్డు మీద ‘ఎక్కడ దొరికింది’ అనే లైన్ తప్పకుండా చదవండి. మీ పక్కూరు కనిపించినా కనిపించొచ్చు.

• ఫొటోలకి అనుమతి ఉందో లేదో అడగండి. ఫ్లాష్ మాత్రం ఎక్కడా వద్దు, పాత రంగులు పాడవుతాయి. రీల్ తర్వాత, ముందు కళ్ళతో చూడండి.

• వెళ్ళలేనివాళ్ళు ‘గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్’ యాప్‌లో నేషనల్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ లాంటివి ఫ్రీగా చూడొచ్చు.

• ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి. చేనేత పని తెలిసిన అమ్మమ్మని బట్టల గ్యాలరీకి, రైల్వేలో చేసిన తాతని ఢిల్లీ రైల్ మ్యూజియంకి. మధ్యమధ్యలో కూర్చోనివ్వండి, తొందర పెట్టకండి.

• పాత సామాను వాడిని పిలిచే ముందు, ఆ సామాను ఎవరిదో వాళ్ళని ఒక్క మాట అడగండి.